పసిపిల్ల ముక్కు నల్లబడిన నెల

నిండు నెలలతో ఉన్నప్పుడు నాకు జ్వరం వచ్చింది. ఒళ్ళంతా విరిచి పడేస్తున్న ఆ బాధ జ్వరం వల్లనా, లేక కాన్పు నొప్పులు మొదలయ్యాయా అన్నది ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. నాకూ తెలియలేదు. పెళ్ళయిన చాలా ఏళ్ళకి వచ్చిన మొదటి కాన్పు. నొప్పులు ఎలా ఉంటాయో చెప్పడానికి మా అమ్మ లేదు, నేను డిగ్రీలో ఉండగానే పోయింది. కాన్పు నొప్పి నడుములో మొదలవుతుందని ఎక్కడో చదివాను. నాకు మాత్రం చీలమండల్లో మొదలైంది.

అప్పుడు మేము మద్దిలపాలెంలో, మెయిన్ రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న ఒక సందులో, పైవాటాలో అద్దెకుండేవాళ్ళం. కింద ఇంటిగలవాళ్ళు. మా ఆయన పోర్టులో క్రేను ఆపరేటరు. నేను దువ్వాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. కరోనా గొడవంతా సద్దుమణిగి అందరం మళ్ళీ మామూలుగా తిరగడం మొదలుపెట్టిన రోజులు. ఇక కొన్నాళ్ళపాటు కొత్త జబ్బులేవీ మన జోలికి రావని ఎందుకో గట్టిగా నమ్మేశాను.

అమ్మ లేని లోటు తెలియకుండా చూసుకోవడానికి మా వదిన వచ్చింది. వదినంటే మా ఆయన అక్క, ఆయన 'అప్ప' అని పిలుస్తారు. వీళ్ళది విజయనగరం అవతల ఒక పల్లె, వ్యవసాయం కుటుంబం. వదినని ఇచ్చిన ఆయనకి ఫిషింగ్ హార్బరులో ఐసు ప్లాంటులో పని దొరకడంతో వాళ్ళు అందరికంటే ముందు పట్నం వచ్చేశారు. వదిన రొయ్యల షెడ్డులో చేరింది. ఐసులో కప్పి ఉంచిన రొయ్యలు తీసి, తల తుంచి, పొట్టు వలిచే పని. తెల్లారకముందే వెళ్ళాలి. పిల్లలు లేరు. మా ఆయన్ని చదివించింది ఆవిడే, మా పెళ్ళి చేసింది ఆవిడే. ఎవరైనా ఒక మాట ఎక్కువ మాట్లాడితే అక్కడికక్కడే రెండు మాటలు ఎక్కువ అప్పజెప్పే మనిషి.

ఆవిడ వచ్చిన రోజున మేడమెట్లు ఒక్కొక్కటీ ఎక్కి, మధ్యలో ఆగి, గోడ పట్టుకుని నిలబడింది. ఏమైందని అడిగితే ఈ మధ్య జ్వరం వచ్చి తగ్గిందనీ, కీళ్ళు మాత్రం పట్టేశాయనీ చెప్పింది. షెడ్డులో ఆడవాళ్ళందరికీ అలాగే ఉందట. వానాకాలం కదా, ఐసు నీళ్ళలో నానీ నానీ అలా అయ్యిందని వాళ్ళంతా అనుకున్నారట.

"మా షెడ్డు కాడ సూడాల నువ్వు. అందరం బాతుల్లాగ నడుస్తన్నాం," అని నవ్వింది.

నేనూ నవ్వాను. అంతకు కొన్నాళ్ళ ముందే, నేను సెలవు పెట్టకముందు, మా కాలేజీలో తరగతులు సగం ఖాళీ అయిపోయాయి. పిల్లలు జ్వరాలని ఫోన్లు చేస్తుంటే ప్రిన్సిపాలుగారు నమ్మలేదు. తర్వాత ఫిజిక్సు చెప్పే ఆయన బోర్డు మీదికి చెయ్యెత్తలేక, కూర్చునే పాఠం చెప్పడం మొదలుపెట్టారు. మా కింద ఇంటిగలావిడకీ జ్వరం వచ్చి తగ్గింది. ఆవిడ గేటు గొళ్ళెం తీయడానికి కూడా ఎవరినో ఒకరిని పిలిచేది. సందులో అందరూ డెంగీ అన్నారు. మాకు తెలిసిన పేర్లు అవే మరి. మలేరియా, టైఫాయిడ్, డెంగీ. వీటిలో ఏదీ కాకపోతే వైరల్ ఫీవరు. నేను ఇవన్నీ చూశాను గానీ ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టి చూడాలని నాకు తోచలేదు. హార్బరు వేరు, దువ్వాడ వేరు, మా సందు వేరు.

నా జ్వరం ఒక ఉదయం వచ్చింది. మంచం మీంచి దిగుదామని కాలు కింద పెడితే చీలమండలో నొప్పి పొడుచుకొచ్చింది. ముళ్ళ మీద పెట్టినట్టు వెనక్కి తీసేసుకున్నాను. వదిన నుదుటి మీద చెయ్యి వేసి చూసి, పొట్ట మీద చెయ్యి వేసి చూసింది.

"నెప్పి ఎక్కడ్నుంచి ఎక్కడికి వస్తంది? సరిగ్గా సెప్పు."

నేను సరిగ్గా చెప్పలేకపోయాను. అన్నిచోట్లా ఉంది. మోచేతుల్లో ఉంది, వేళ్ళ కణుపుల్లో ఉంది, వెన్నులో ఉంది. ఒకసారి వచ్చి పోతున్నట్టూ ఉంది, అసలు పోనట్టూ ఉంది. మా ఆయన డ్యూటీకి వెళ్ళబోతూ ఆగిపోయారు. వదిన ఇవి కాన్పు నొప్పులు కావంది. కింది ఇంటిగలావిడ మెట్ల దగ్గరి నుంచే ఇవి ఖచ్చితంగా నొప్పులే అంది. ఆటో పిలిచాం.

ఆసుపత్రిలో రక్తం తీసుకున్నారు. మలేరియా లేదు. డెంగీ లేదు. ప్లేట్‌లెట్లు కాస్త తగ్గాయి, అంత భయపడక్కర్లేదు. ఇంకో పరీక్ష కూడా చేయించారు. దాని పేరు అక్కడి నర్సు పలికినప్పుడు నాకు సరిగ్గా వినపడలేదు. మా ఆయన రెండోసారి అడిగి చెప్పించుకున్నారు. చికున్‌గున్యా. అదీ లేదని వచ్చింది. లేదని వచ్చేసరికి ఆ మాటని మేము అక్కడే వదిలేశాం. మా కాన్పుల డాక్టరమ్మ వైరల్ జ్వరం అయుంటుందనీ, బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోందనీ చెప్పి ఆసుపత్రిలోనే ఉంచారు.

మర్నాడు మధ్యాహ్నం నిజం నొప్పులు వచ్చాయి. వచ్చాక తేడా తెలిసింది. అయినా రెండు బాధలూ ఒకేసారి ఒంట్లో ఉంటే దేనికి అరుస్తున్నానో నాకే తెలియలేదు. మంచం ఊచ పట్టుకోమన్నారు. పట్టుకోవడానికి వేళ్ళు ముడుచుకోలేదు. వదిన నా మణికట్లు తన చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది. ఆవిడ మణికట్లూ అప్పటికి వాచే ఉన్నాయి. సాయంత్రానికి పాప పుట్టింది. మంచి బరువుంది. పుట్టగానే కెవ్వుమంది. పిల్లల డాక్టరు చూసి అంతా బాగుందన్నారు. పాపని నా పక్కన పడుకోబెడితే ఎత్తుకోవాలని చేతులు చాచాను. నా వేళ్ళు చక్కరకేళీ అరటిపళ్ళలా ఉన్నాయి. వాటితో ఆ చిన్న తలని పట్టుకోవడానికి భయం వేసింది.

ఇంటికి వచ్చాక ఒకటి రెండు రోజులు బాగానే గడిచాయి. వదిన కాళ్ళు చాపి, వాటి మీద పాపని పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేది. సాంబ్రాణి పొగ వేసేది. వంగిన ప్రతిసారీ "అయ్య బాబో" అనేది గానీ పని ఇంకొకరికి ఇచ్చేది కాదు. అలా నీళ్ళు పోస్తూ ఒక రోజు ఉన్నట్టుండి ఆగిపోయింది. పాప కాలు పట్టుకుని కాస్త ఎత్తితే ఏడుస్తోంది. వదిలేస్తే ఊరుకుంటోంది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ ఏడ్చింది. పసిపిల్లల ఏడుపు నాకంటే ఆవిడకే బాగా తెలుసు. పల్లెలో ఉన్నప్పుడు చుట్టుపక్కల పిల్లలెందరికో నీళ్ళు పోసింది.

"ఇది ఆకలేడుపు కాదమ్మీ. దీనికెక్కడో నెప్పెడతంది."

మధ్యాహ్నానికి పాప ఒళ్ళు కాలిపోయింది. పాలు పట్టడం మానేసింది. ఊరికే నిద్రపోయేది. లేపి రొమ్ము నోటికి అందిస్తే రెండు గుక్కలు తాగి మళ్ళీ కళ్ళు మూసేది. ఇంటిగలావిడ వచ్చి, తల్లి జ్వరం పాలల్లోంచి దిగిందనీ, వెంటనే పాలు మాన్పించి డబ్బా పాలు పట్టమనీ చెప్పింది. ఎదురింటి వాళ్ళు పాలు మాన్పిస్తేనే ప్రమాదమన్నారు. మా ఆయన ఫోనులో వెతికితే ఒకచోట ఒకటీ ఇంకోచోట ఇంకొకటీ ఉంది. పాలు ఇవ్వనా మాననా అని పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆ కాసేపు నా జీవితంలో అన్నిటికంటే పొడుగైనది. చివరికి ఇవ్వడానికే నిశ్చయించుకున్నాను. తెలిసి చేసిన పని కాదది. రొమ్ములు బరువెక్కి నొప్పెడుతున్నాయి, అంతే.

పాపని పెద్దాసుపత్రిలో పసిపిల్లల వార్డులో చేర్చుకున్నారు. రక్తంలో ఇన్ఫెక్షను చేరిందేమోనని ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ముక్కులో సన్న గొట్టం పెట్టారు, బుగ్గల మీద ప్లాస్టరు వేశారు. తల్లులు పాలిచ్చే వేళకి లోపలికి వెళ్ళి రావాలి. మిగతా సమయమంతా బయట వరండాలో బెంచీల మీద ఉండాలి. ఇన్ఫెక్షను పరీక్షలో ఏ క్రిమీ దొరకలేదని చెప్పారు. దొరకకపోతే సంతోషించాలో బాధపడాలో మాకు తెలియలేదు. మరి జ్వరం ఎందుకు అంటే చూస్తున్నామన్నారు. ఒంటి మీద ఎర్రగా పేలినట్టు వచ్చింది. పాదాలు ఉబ్బాయి. ఒకసారి నేను పాలిస్తుండగా చెయ్యి చిన్నగా అదిరింది. అది చలికా, కలకా, ఇంకేదైనానా అని నర్సుని అడిగితే ఆవిడ నవ్వకుండా వెళ్ళి డాక్టర్ని తీసుకొచ్చింది. అప్పుడు నాకు మొదటిసారి నిజంగా భయం వేసింది.

జ్వరం మెల్లగా దిగింది. అదురు మళ్ళీ రాలేదు. పాప కళ్ళు తెరిచి చూడటం మొదలుపెట్టింది. హమ్మయ్య అనుకునే వేళకి ముక్కు నల్లబడటం మొదలైంది.

మొదట్లో కొసన మసి అంటినట్టు ఉంది. ప్లాస్టరు తీసిన జిగురుకి దుమ్ము అంటుకుందనుకున్నాను. నర్సూ అదే అనుకుంది. మా ఆయన పత్తిని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, ఊపిరి బిగబట్టి, ఎంతో మెల్లగా తుడిచారు. పోలేదు. మర్నాటికి ముక్కంతా నల్లబడింది. పాపది చామనఛాయ. ఆ ముఖం మధ్యలో ముక్కు ఒక్కటీ బొగ్గులా ఉంది. తర్వాత చెవుల అంచులూ, నోటి చుట్టూ కూడా నీడ పడినట్టయింది. వార్డులోని మిగతా తల్లులు తమ పిల్లల్ని చూసుకుని, మా పాపని చూసి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయేవారు. ఒకావిడ ఊరుకోలేక గ్రహణం రోజున బయట తిరిగావా అని అడిగింది. ఇంకొకావిడ ఇనుము మాత్రలు ఎక్కువ మింగితే ఇలా అవుతుందంది. వదిన దిష్టి అంది. ఇంత కాలానికి పుట్టిన పిల్లని సందులో అందరూ కళ్ళు పెట్టి చూశారనీ, ఇంటికి వెళ్ళగానే ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోయాలనీ అంది. ఆ మాటలు నేను నమ్మలేదు. నమ్మడానికి నా దగ్గర ఇంకో మాట కూడా లేదు.

ఆ వార్డుకి వారానికోసారి వచ్చే ఒక పెద్ద డాక్టరమ్మ ఉండేవారు. కళ్ళజోడు, నెరిసిన జుట్టు, తక్కువ మాట. ఆవిడ రౌండ్సుకి వచ్చి మా పాప దగ్గర ఆగి, ముక్కు చూశారు. పక్కన ఉన్న చిన్న డాక్టర్లతో ఏదో అడిగారు. తర్వాత తల్లి ఎవరని అడిగి నన్ను లోపలికి పిలిపించారు. కాన్పుకి ముందు జ్వరం వచ్చిందా? ఎప్పుడు? కీళ్ళు నొప్పెట్టాయా? నేను అన్నీ చెప్పాను. గుప్పిట మూసి చూపించమన్నారు. మూయలేకపోయాను. సగం ముడిచిన నా వేళ్ళని ఆవిడ చాలాసేపు చూశారు.

అప్పటిదాకా ఎవరూ నా జ్వరాన్నీ పాప జ్వరాన్నీ కలిపి అడగలేదు. నాకు వైద్యం చేసిన ఆసుపత్రి వేరు, పాపది వేరు.

చికున్‌గున్యా పరీక్ష ఇద్దరికీ చేయించమన్నారు. ఆ పరీక్ష నాకు చేశారనీ, లేదని వచ్చిందనీ చెప్పాను. జ్వరం వచ్చిన మొదటి రోజున ఆ రకం పరీక్ష చేస్తే జబ్బు ఉన్నా కనిపించకపోవచ్చని ఆవిడ చెప్పారు. అంటే లేదన్న మాటకి లేదని అర్థం కాదన్నమాట. నేను తెలుగు పాఠాలు చెప్పేదాన్ని. మాటకి అర్థం ఇలా కూడా ఉంటుందని అంతకుముందు తెలియదు.

ఇద్దరికీ ఉందని వచ్చింది.

నన్ను కుట్టిన దోమ కడుపులో బిడ్డని ఎలా పట్టుకుందో నాకు అర్థం కాలేదు. అడిగాను. తల్లి రక్తంలో జబ్బు బాగా ఉన్న సమయంలోనే కాన్పు జరిగితే బిడ్డకి అంటుకోవచ్చన్నారు. ఆపరేషను చేసుంటే తప్పేదా అని మా ఆయన అడిగారు. తప్పుతుందని చెప్పలేమన్నారు. జ్వరం రెండు వారాల ముందు వచ్చుంటే? అప్పుడు బహుశా పాపకి వచ్చేది కాదేమో. ఈ నలుపు పోతుందా? చాలామందిలో నెలల మీద పోతుంది. పాప బాగా ఎదుగుతుందా? దానికి ఆవిడ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు.

"ఎదగాలనే అనుకుందాం. కానీ చూస్తూ ఉండాలమ్మా. మన ఊళ్ళో పుట్టిన పిల్లల్లో నేను దీన్ని ఇంతకుముందు చూడలేదు. చదవడమే."

ఆ మాటకి నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది, ధైర్యం పోయింది. రెండూ ఒకేసారి.

బయటికి వచ్చి వదినకి చెప్పాను. ఇది ఒక రకం దోమ వల్ల వచ్చే జబ్బనీ, జ్వరం తగ్గినా కీళ్ళు నెలల తరబడి పట్టి ఉంటాయనీ, నాకొచ్చింది అదేననీ, పాపకి నా నుంచి వచ్చిందనీ. చెబుతూ చెబుతూ ఆవిడ ముఖం చూసి ఆపేశాను. ఆవిడ తన మణికట్ల వైపు చూసుకుంటోంది.

"అయితే మా షెడ్డులో వచ్చినాది ఐసు నెప్పులు కాదేటి?"

"తెలీదు వదినా. అదే అయ్యుండొచ్చు."

"నాకు ముందొచ్చినాది. తరవాత మీ ఇంటికొచ్చినాను. నాను తెచ్చినానేటి, అమ్మీ?"

లేదని చెప్పాలనుంది. కానీ నేనూ అప్పటికప్పుడు లెక్కలు వేస్తున్నాను. ఆవిడ జ్వరం తగ్గాకే వచ్చింది కదా, తగ్గిన మనిషిని కుడితే దోమకి అంటుతుందా? తగ్గి ఎన్నాళ్ళయింది? ఇంటిగలావిడకి వదిన రాకముందే వచ్చింది కదా? మా కాలేజీ పిల్లలకి అంతకంటే ముందు. ఆవిడ మా ఇంటికి రాకముందు నేనే హార్బరుకి ఆవిడని చూడటానికి ఒక పగలు వెళ్ళాను కూడా. ఎటు వేసినా లెక్క కుదిరేది, ఎటు వేసినా చెడేది. నేను తేరుకుని ఏదో చెప్పబోయేసరికి వదిన లేచి వరండా చివరికి వెళ్ళిపోయింది.

పాపని ఇంటికి తీసుకొచ్చిన రోజున వదిన లేదు. సాయంత్రానికి వస్తుందనుకున్నాం. రాలేదు. ఫోను చేస్తే షెడ్డులో పని ఎక్కువగా ఉందని చెప్పింది. మా ఆయన వెళ్ళి పిలిచారు. రానందట. పాప దగ్గరికి ఇక రాననీ, తన ఒంట్లో ఇంకా ఏముందో ఏమోననీ చెప్పిందట. ఆయన తిరిగొచ్చి, "అప్ప ఎప్పుడూ ఏడవదు, ఇయ్యాల ఏడిసింది," అని ఒక్క మాట చెప్పి స్నానానికి వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే మా సందుకి మున్సిపాలిటీ మనుషులు వచ్చారు. ఇంటింటికీ వచ్చి డ్రమ్ములూ, కుండీలూ, పాత టైర్లూ వెతికారు. మా ఇంట్లో ఏమీ దొరకదని నేను ధీమాగా ఉన్నాను. నీళ్ళ డ్రమ్ముకి మూత ఉంది, బాత్‌రూము రోజూ కడుగుతాం. వాళ్ళలో ఒకతను ఫ్రిజ్జు వెనక్కి టార్చి వేసి, అడుగున నీళ్ళు చేరే పళ్ళెం బయటికి లాగాడు. ఆ పళ్ళెం ఒకటి ఉందని కూడా మాకు తెలియదు. అందులో చిన్న చిన్న పురుగులు మెలికలు తిరుగుతూ ఈదుతున్నాయి. కింద ఇంటిగలవాళ్ళ పూలకుండీల పళ్ళేల్లోనూ ఉన్నాయి. ఎదురింట్లోనూ ఉన్నాయి. ఈ దోమలు పగలే కుడతాయని అతను చెప్పాడు. రాత్రిళ్ళు కాయిల్ వెలిగించుకుని పడుకునే మేము ఇన్నాళ్ళూ ఏం చేసినట్టు?

పాపకి నేను నీళ్ళు పోయలేకపోయాను. ఎత్తుకుంటే పట్టు జారిపోయేది. జాకెట్టు హుక్కు కూడా మా ఆయన పెట్టాలి. ఆయన డ్యూటీకి వెళితే ఇంటిగలావిడ వచ్చి సాయం చేసేది గానీ, పాప ముక్కు చూసినప్పుడల్లా ఆవిడ చేతులు వెనక్కి పోయేవి. ఒక ఉదయం ఆటో పిలిపించి, పాపని మా ఆయన చేతుల్లో పెట్టి, హార్బరుకి వెళదామన్నాను. ఈ పసిదాన్ని తీసుకుని అక్కడికా అన్నారు. అక్కడికే అన్నాను.

మేము వెళ్ళేసరికి చేపల వేలంపాట అయిపోయి చాలాసేపయింది. చేపల బుట్టలు కడుగుతున్నారు, బోట్ల మీద వలలు ఎండేశారు. వదినా వాళ్ళ గది షెడ్డుకి వెనకాల. ఆవిడ పని నుంచి అప్పుడే వచ్చి గుమ్మంలో కూర్చుని, వేడినీళ్ళ బకెట్టులో చేతులు పెట్టుకుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి, మోకాళ్ళు సహకరించక మళ్ళీ కూర్చుంది. పాపని చూసి తల తిప్పుకుంది.

"ఎందుకు తెచ్చినారు ఈ గాల్లోకి? తీసుకెల్లిపోండి."

నేను ఆవిడ పక్కన గుమ్మంలో కూర్చున్నాను. కూర్చోవడానికి నాకూ చాలాసేపు పట్టింది. ముట్టుకుంటే అంటేది కాదని పెద్ద డాక్టరమ్మ చెప్పారన్నాను. మా ఫ్రిజ్జు వెనక దొరికిన పురుగుల గురించి చెప్పాను. ఆవిడ అంతా విని, మా ఫ్రిజ్జులో పుట్టిన దోమ తమ షెడ్డుకి ఎలా వస్తుందని అడిగింది. షెడ్డులో ఐసు కరిగిన నీళ్ళు ఎన్నిచోట్ల నిలిచి ఉంటాయో నాకు కనిపిస్తూనే ఉంది. అక్కడివాళ్ళు ఇది బోట్ల మీద పని చేయడానికి వచ్చిన వేరే ఊరి కుర్రాళ్ళు తెచ్చారంటున్నారట. మా సందులో వాళ్ళు హార్బరు నుంచి వచ్చిందంటున్నారు. దువ్వాడలో ఏమంటున్నారో నాకు తెలియదు.

"తెచ్చినావో లేదో నాకు తెలీదు వదినా. డాక్టరుకీ తెలీదు. ఎవరికీ తెలీదు. నాకు చేతులు లేవు. నువ్వు రావాలి."

"నాకు మాత్రం ఉన్నాయేటి?" అని నీళ్ళలోంచి చేతులు పైకి తీసి చూపించింది. వేళ్ళు నావి ఎలా ఉన్నాయో అవీ అలాగే ఉన్నాయి.

పాప ఏడుపు మొదలుపెట్టింది. మా ఆయన అటూ ఇటూ ఊపారు, ఊరుకోలేదు. వదిన ఇంకాస్త సేపు ఓర్చుకుని, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, "అలగ ఊపితే ఎలగరా, మెడ నిలబడదు. ఇలా ఇయ్యి," అని చేతులు చాచింది. ఆ సాయంత్రం మాతోపాటే ఆటో ఎక్కింది.

తర్వాత రోజుల్లో పాప స్నానం ఒక పెద్ద కార్యక్రమంలా జరిగేది. వదిన కాళ్ళు చాపి కూర్చునేది. మా ఆయన పాపని ఆ కాళ్ళ మీద పడుకోబెట్టి తల కింద చెయ్యి వేసి ఉంచేవారు. నేను చెంబుని రెండు అరచేతుల మధ్య పట్టుకుని నీళ్ళు పోసేదాన్ని. ముగ్గురం కలిసినా ఒక్క మనిషి పని పూర్తిగా అయ్యేది కాదు. వదిన, షెడ్డు నుంచి ఎవరు ఫోను చేసినా, ముందు జ్వరం ఉందా అని అడిగేది, కడుపుతో ఉన్నవాళ్ళెవరైనా ఉంటే పగలు కూడా జాగ్రత్తగా ఉండమని చెప్పేది. వాళ్ళు నవ్వితే తిట్టేది.

బారసాల ఆలస్యంగా, తక్కువమందితో చేశాం. వచ్చినవాళ్ళు ఉయ్యాల్లోకి తొంగి చూసి, చూసిన మరుక్షణం ఏం మాట్లాడాలో తెలియక చీర కట్టు గురించో పాయసం గురించో మాట్లాడేవారు. ఇంటిగలావిడ మాత్రం, "దేవుడే దిష్టి చుక్క పెట్టి పంపినాడు, మనం పెట్టక్కర్లేదు," అంది. ఆవిడ మంచి మనసుతోనే అంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. వదిన లోపలికి తీసుకెళ్ళి మంచినీళ్ళిచ్చింది. దిష్టి మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. ఉప్పూ మిరపకాయలూ మాత్రం నేను చూడకుండా తిప్పి పోసిందనుకుంటాను. వంటింట్లో ఆ ఘాటు చాలాసేపు ఉంది.

ముక్కు మీది నలుపు ఎప్పుడు పోయిందో నేను చెప్పలేను. రోజూ చూసేవాళ్ళకి తెలియదు కదా. ఫోనులో ఫొటోలు వరసగా చూస్తే ఒక నెలలో బొగ్గులా ఉంది, ఇంకో నెలలో మసిలా ఉంది, తర్వాతి నెలలో ఉందా లేదా అన్నట్టుంది. పాప బోర్లా పడటం కాస్త ఆలస్యమైంది. నడక సమయానికే వచ్చింది. మాటలు ఆలస్యమయ్యాయి. ప్రతి ఆలస్యానికీ నేను ఆ చిన్న చెయ్యి అదిరిన రోజుకి వెళ్ళి వచ్చేదాన్ని. డాక్టరమ్మ ఇది జబ్బు వల్ల కాకపోవచ్చనీ, కొందరు పిల్లలు అంతేననీ అనేవారు. అయ్యుండొచ్చా అంటే అయ్యుండొచ్చనీ అనేవారు. ఇప్పుడు అమ్మాయి బడికి వెళుతోంది. నోరు తెరిస్తే ఆపదు. అచ్చం వదిన యాస. క్లాసులో టీచరు "నేను" అనిపించాలని చూస్తే "నాను" అనే అంటోందట. ఏడాదికోసారి చూపించుకు రమ్మన్నారు, వెళ్ళి వస్తున్నాం.

నా వేళ్ళు ఏడాది దాటాక వదులయ్యాయి. చలికాలం ఉదయాల్లో ఇప్పటికీ సుద్దముక్క పట్టుకోవడం కష్టం. వదిన షెడ్డు పని మానేసి, హార్బరు బయట టీ కొట్టు పెట్టుకుంది. తను తెచ్చిందా అన్న ప్రశ్న ఆవిడ మళ్ళీ అడగలేదు. అడగకపోయినా అది ఆవిడ దగ్గర ఉందని నాకు తెలుసు. పాపకి చిన్న జలుబు చేసినా ముందుగా ఆవిడే ఒక అడుగు వెనక్కి వేస్తుంది.

పోయిన వానాకాలంలో మా కాలేజీలో కొత్తగా చేరిన ఇంగ్లీషు లెక్చరరు స్టాఫ్ రూములో నా పక్కకి వచ్చి కూర్చుంది. నెలలు నిండుతున్నాయి. వాళ్ళ వీధిలో జ్వరాలున్నాయట. మీకు అప్పుడు వచ్చిందట కదా, ఏం చేయాలి అని అడిగింది. నాకు తెలిసినదంతా చెబుదామని మొదలుపెట్టాను. చెబుతుంటే తెలిసింది చాలా తక్కువని అర్థమైంది. జ్వరం వస్తే ఆ రోజే వెళ్ళమన్నాను. పరీక్షలో లేదని వచ్చినా అక్కడితో వదలొద్దన్నాను. పిల్లల డాక్టరుకి నీ జ్వరం సంగతి నువ్వే చెప్పు, ఎవరూ అడగరని కూర్చోవద్దు అన్నాను. పగటిపూట కూడా దోమతెర కట్టుకుని పడుకోమన్నాను.

"పగలు దోమతెర ఏటి మేడం?" అంది, నేను హాస్యమాడుతున్నానేమోనని నా ముఖంలోకి చూస్తూ.

నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.